నాలందయందలి చీనా విద్యార్థులు: పండుగలును సహవాసమును

క్రీస్తుశకము ఏడవ శతాబ్దమునఁ జీనాదేశమునుండి భరతఖండమునకు వచ్చి విద్య నభ్యసించిన భిక్షువులను గూర్చి చరిత్రకారులు విరివిగా వ్రాసియున్నారు. వారు కొనిపోయిన గ్రంథము లెన్ని, అందుఁ బరివర్తించిన వెన్ని, వారు నడచిన దారు లెవ్వి, దర్శించిన రాజు లెవ్వరు అను విషయములు పలుమాఱు విమర్శింపఁబడినవి. కాని యా విద్యార్థులు పరదేశమున నెవ్వరి పంక్తిని భుజించిరి, ఎవ్వరి పండుగలను దమ పండుగలుగాఁ జేసికొనిరి, ఎవ్వరి చెలిమిని సంపాదించిరి అను ప్రశ్న యంతగాఁ బరిశీలింపఁబడలేదు. ఇది యల్పవిషయము కాదు. శాస్త్రము గురుముఖమున లభించును. దేశము పంక్తిలోఁ గూర్చుండిననే తెలియును. పరదేశ విద్యార్థి యా దేశమువారిలో నొకఁడై మెలఁగెనా, లేక కడవఱకు నతిథిగనే నిలిచెనా యను సంగతి పండుగనాఁడు బయటపడినట్లు పాఠశాలయందు బయటపడదు.

ఈ విచారణకు ముఖ్యముగా నిరువురి వృత్తాంతము లాధారములు. మొదటివాఁడు హ్యూయన్‌త్సాంగు. ఇతఁడు 637 ప్రాంతమున నాలందఁ జేరి, శీలభద్రాచార్యునొద్ద యోగశాస్త్రము నభ్యసించి, 645లో స్వదేశమునకు మరలెను. ఇతని యాత్రాగ్రంథమేకాక శిష్యుఁడు హుయిలీ వ్రాసిన జీవితచరిత్రయుఁ గలదు. రెండవవాఁడు ఇత్సింగు. ఇతఁడు 635లో జనించి, 671లోఁ గాంటను రేవునఁ బారసీకుల యోడ నెక్కి, శ్రీవిజయమున నాఱునెలలు సంస్కృత వ్యాకరణముఁ జదివి, 673లోఁ దామ్రలిప్తి యందు దిగెను. నాలందయందుఁ బదేండ్లుండి 685లో బయలుదేఱి, మరలఁ జిరకాలము శ్రీవిజయమున నిలిచి, 692లో నచ్చటినుండి తన రెండు గ్రంథములను స్వదేశమునకుఁ బంపెను. అందొకటి భారతదేశపు భిక్షువుల నడవడిని నలువది ప్రకరణములలోఁ దెలుపునది. రెండవది పశ్చిమదేశమునకు ధర్మార్థులై వచ్చిన భిక్షువుల చరిత్రముల సంగ్రహము. ఇతఁడు 695లో స్వదేశముఁ జేరి 713లో మరణించెను. మొదటి గ్రంథమునఁ బండుగలును, రెండవదాన మనుష్యులును గానవచ్చుచున్నారు. రెంటినిఁ గలిపి చదువనిచో సత్యము సగమే తెలియును.

పరదేశీయుల విహారములు

ఆ కాలమున నేదేశపు భిక్షువులకు నాదేశమువారే వసతి గట్టించుట యలవాటు. సముద్రగుప్తుని కాలమున సింహళరాజు మేఘవర్ణుఁడు బోధగయయందు మహాబోధి విహారమును గట్టించెను. దీని పుట్టుకను గూర్చి హ్యూయన్‌త్సాంగు వ్రాసిన కథ మననము చేయఁదగినది. సింహళరాజు సోదరుఁడు సన్న్యసించి పుణ్యస్థలములను సేవింపవచ్చి, పోయిన ప్రతివిహారమునఁ బ్రత్యంతదేశపువాఁడని చులకన చేయఁబడెను. అతఁడు మరలిపోయి యన్నతో మొఱపెట్టుకొనఁగా, ఆ యవమానమును దీర్చుకొనుటకే రాజు విహారముఁ గట్టించెనఁట. కథ యెంతవఱకు యథార్థమైనను, పరదేశి యొంటరిగా వచ్చినయెడల గౌరవము సంశయాస్పదమే యని యెల్లరు నెఱిఁగియుండిరని దీనివలనఁ దేటపడుచున్నది.

ఆంధ్రదేశమున నీ యాచార మంతకు ముందే కలదు. మూఁడవ శతాబ్దమున నాగార్జునకొండయందు, ఇక్ష్వాకు వంశ్యుఁడగు వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యవర్షమున, బోధిసిరి యను నుపాసిక వేయించిన శాసనమునఁ దామ్రపర్ణి స్థవిరుల కొఱకుఁ గట్టించిన చైత్యగృహమును, సింహళవిహారమునందలి బోధివృక్ష ప్రాసాదమును బేర్కొనఁబడినవి. కాశ్మీర గాంధారాదులతోఁ బాటు చీనదేశము పేరును నా శాసనమునఁ గలదు. కృష్ణాతీరమున సింహళభిక్షువుల కొక యిల్లుండెననుటకు శిలాక్షరమే సాక్షి. నాలందయందే, తొమ్మిదవ శతాబ్దమున, సువర్ణద్వీపాధిపతి బాలపుత్రదేవుఁడు విహారముఁ గట్టింపఁగా, పాలరాజగు దేవపాలుఁడు దాని పోషణమునకై యైదు గ్రామముల నొసఁగినట్లు 1921లో దొరకిన తామ్రశాసనమువలనఁ దెలియుచున్నది.

మఱి చీనావారి సంగతి యేమి? శ్రీగుప్తుఁడను రాజు పూర్వము చీనా భిక్షువులకై గంగాతీరమున నొక విహారముఁ గట్టించి యిరువదినాలుగు గ్రామముల నిచ్చెనని ఇత్సింగు విన్నాఁడు. కాని యతఁడు వచ్చునాఁటికి దానికిఁ బునాదులు మాత్రమే మిగిలెను, భూములు రాజవశమయ్యెను. తుఖారులకు, కపిశవారికి, సింహళులకు మగధయందుఁ దమ విహారములు గలవనియు, చీనావారి కొక్కటియు లేదనియు, అందుచే వారి రాకపోకలు కష్టభూయిష్ఠము లయ్యెననియు నతఁడు వగచెను. ఆ వగపు న్యాయమైనదే. అయినను ఫలమునుబట్టి చూచినచో నందొక మేలును గనఁబడుచున్నది. తమ యిల్లు లేనందున నీ విద్యార్థులు భారతీయుల యింటనే యుండవలసివచ్చెను. తమ పంక్తి లేనందున వారి పంక్తినే కూర్చుండవలసివచ్చెను. ఇత్సింగు గ్రంథమునఁ గానవచ్చు సూక్ష్మ పరిశీలనమునకు నిదియే ముఖ్యకారణమని తోఁచుచున్నది.

స్వాగతమును, స్థానమును

క్రొత్తవాఁడు విహారద్వారముఁ జేరఁగానే యచ్చటివారు ‘స్వాగత’మనవలెను; వచ్చినవాఁడు ‘సుస్వాగత’మని బదులు పలుకవలెను. ఇట్లనకుండుట వినయవిరుద్ధము. అతని పాత్రను జలకుండికను దీసికొని గోడకొయ్యకుఁ దగిలించి, కూర్చుండఁబెట్టి, బడలిక తీఱునట్లు చేయవలెను. అయిదు దినములు శ్రేష్ఠమైన భోజనము పెట్టుదురు. ఆ పిమ్మట నతఁడు సామాన్యభిక్షువులతో సమానుఁడు. శీలవంతుఁడైనచో సంఘము వానిని నిలువుమని కోరి, తగిన శయ్య నొసఁగును. విద్వాంసుఁడైనచో వాని పేరు నివాసుల పట్టికలో నెక్కును. పేరెక్కిన నాఁటినుండి యతనికిని బూర్వనివాసులకును భేదము లేదు. ఇత్సింగు వ్రాసిన యీ నియమమున గమనింపవలసినది యొకటి గలదు: ఆతిథ్యమునకు గడువు కలదు. గడువు తీఱినపిదప నాదరము తగ్గుట యవమానము కాదు. అతఁడు బంధువైనాఁడనుటకు గుఱుతు.

పంక్తియందు మొదట నెవ్వరు కూర్చుండవలె ననుటకును దేశము ప్రమాణము కాదు. ఉపసంపద నొందిన పిదప నెన్ని వర్షావాసములు గడచె నని యొండొరుల నడుగుదురు. వర్షములు సమానమైనచో దినమును, దినమును సమానమైనచో నానాఁడు కొలిచిన కఱ్ఱనీడను బట్టి పెద్దఱికము నిర్ణయింతురు. అందుచేతనే యుపసంపదాకాలమున నీడను గొలిచి చెప్పు నాచార మేర్పడినది. రాజపుత్రుఁడైనను, సముద్రముల కావలినుండి వచ్చినవాఁడైనను, వానకాలముల లెక్కయే వాని స్థానము. సింహళరాజ సోదరుని కథకు నిది ప్రత్యుత్తరమువంటిది. చులకన లోకమున నుండెను. వినయమున దానికిఁ దావు లేదు.

హ్యూయన్‌త్సాంగునకు జరిగిన స్వాగతము మఱియు ఘనమైనది. ఇన్నూఱుగురు భిక్షువులు, వేయిమంది గృహస్థులు ఛత్రధ్వజములతో, గంధపుష్పములతో నెదురువచ్చిరి. విహారమున ఘంట మ్రోఁగించి, విహారమునఁ గల సమస్తమునందు నతనికి భాగము గలదని చాటిరి. దినమునకు నిరువది పోఁకచెక్కలు, ఇరువది జాజికాయలు, కర్పూరము, తాంబూలము, మహాశాలి యను సుగంధపు బియ్యము, నెలకుఁ గావలసిన నూనెయు నేర్పఱచిరి. ఇట్టి గౌరవ మెల్లరకు లభించినదని తలంపరాదు. అతఁడు చేరునాఁటికే ప్రసిద్ధుఁడు. ఇత్సింగు తామ్రలిప్తినుండి వచ్చుత్రోవలో రోగపీడితుఁడై వెనుకఁబడి, దొంగల చేతఁ జిక్కి, కట్టుబట్టల నెల్లఁ గోలుపోయి, ఒడలికి బురద పూసికొని, ఆకులు చుట్టుకొని తోడివారిని గలసికొనెను. ఒకే ద్వారమున నిరువురు ప్రవేశించిరి. ఒకఁడు ఛత్రచ్ఛాయను, ఒకఁడు నామమాత్రావశిష్టుఁడై. లోపల నియమము మాత్ర మొక్కటియే.

పంక్తిభోజనము

ఉపవసథ దినములందు దాతలు సంఘమును భోజనమునకుఁ బిలుచు విధమును ఇత్సింగు విపులముగా వ్రాసినాఁడు. నేల గోమయముతో నలుకుదురు. చిన్న పీటలను మూరెఁడేసి యెడముగా వేయుదురు. కాళ్లు కడుగుకొని, పాదములు నేలమోపి కూర్చుండవలెను. చీనావారివలెఁ బద్మాసనము వేసికొని తినుట యచ్చట లేదు. మొదట నల్లపుముక్కయు నుప్పును వడ్డింతురు. పిదప నన్నము, చిక్కని పప్పు, అందుపై వేఁడినేయి; వానిని చేతితోఁ గలిపి, కుడిచేతితో భుజింపవలెను. పిమ్మటఁ బిండివంటలు, పండ్లు, కడపటఁ బెరుగును జక్కెరయు. దాహమునకు వేసవియైనను, శీతకాలమైనను జల్లని నీరే. పదుమూఁడు శతాబ్దములకు ముందు చీనాయతి వర్ణించిన యీ క్రమము నేఁటి తెలుఁగువారి విందులోఁ జాలవఱకు నట్లే యుండుట చదువరుల కాశ్చర్యము గొల్పకపోదు.

చీనావాఁడు చేతితోఁ దిన నేర్చుట స్వల్పవిషయముగాఁ దోఁపవచ్చును. కాని పరదేశములందు మనుష్యుఁడు చిట్టచివర విడుచునది తినుతీరే. తమ దేశపు భోజనశలాకలను గూర్చి ఇత్సింగు ప్రత్యేకముగాఁ జర్చించెను. భారతదేశమున నవి లేవు. వినయమున వానికి విధియు లేదు, నిషేధమును లేదు. అట్టిచోటఁ జేయవలసిన దేమి? చూచువారు నవ్వి యసహ్యించుకొను దేశమున వానిని విడువవలెను, ఆక్షేపింపని దేశమున వాడవచ్చును, అని యతని నిర్ణయము. ఇది లౌక్యము కాదు, ధర్మశాస్త్ర విచారమే. ఏది ధర్మము, ఏది దేశాచారము అని వేఱుచేసి చూచినవాఁడే పరుల యాచారమును మనస్ఫూర్తిగాఁ గైకొనఁగలఁడు. రెంటినిఁ గలిపివేసినవాఁడు సమస్తమును విడుచును, లేదా దేనినిని విడువఁడు.

ప్రవారణోత్సవము

నాలందయందుఁ బ్రతిదినమును గొంత యుత్సవమువంటిదే. ఉదయమున ఘంట మ్రోఁగఁగానే భిక్షువులు స్నానవస్త్రములఁ గొని, చుట్టునున్న పదికి మించిన పెద్ద చెఱువులకు వందలుగా, వేలుగాఁ బోవుదురు. మూఁడువేలకు మించిన జనమొక్కచోటఁ గూడుట యసాధ్యమగుటచే, సాయంకాలమున స్తోత్రపాఠకుఁ డొకఁడు శాలనుండి శాలకుఁ బోవుచు గట్టిగా శ్లోకములఁ జదువును. ధూపపుష్పములఁ బట్టిన బాలురు ముందు నడతురు. బుద్ధప్రతిమా స్నపనమునకు నంగణమునఁ జాందినీ గట్టి, గంధోదకముల కడవలను వరుసగా నుంచి, కన్యలు వాద్యములు మ్రోయింపఁగాఁ బ్రతిమకు గంధముఁ బూసి, నీరు వోసి, తెల్లని వస్త్రముతోఁ దుడిచి, పూవులతో నలంకరింతురు.

కాని సంవత్సరమున కెల్లఁ బెద్దపండుగ ప్రవారణ. వానకాలపు మూఁడు నెలలును గదలక యొకచోట నున్న భిక్షువులు నియమమును ముగించు దినమది. చతుర్దశినాఁటి రాత్రి యొక యాచార్యుఁ డున్నతాసనమునఁ గూర్చుండి సూత్రముఁ బఠించును. గృహస్థులును భిక్షువులును మేఘములవలెఁ గ్రమ్ముకొందురు. దీపము లెడతెగక వెలుఁగును. మఱునాఁడు వేకువ నెల్లరును బయలుదేఱి యూరూర నున్న చైత్యములను సేవింతురు. అంతస్తుల రథములు, పల్లకులందుఁ బ్రతిమలు, ఆకాశము నంటు వాద్యఘోషము, సూర్యునిఁ గప్పివేయు ధ్వజములు గలిగిన యీ యూరేగింపునకు ‘సామగ్రి’ యని పేరు; కూడిక, ఐకమత్యము అని యర్థము. మధ్యాహ్నమునకు ముందు తిరిగివచ్చి, మహాపూజ చేసి, అపరాహ్ణమున నెల్లరును జేత పచ్చగడ్డిని బట్టుకొని సమావేశమగుదురు.

పిమ్మట జరుగునది యుత్సవమునకుఁ బ్రాణము. ప్రతివాఁడును సంఘము నెదుట నిలిచి, తనయందుఁ జూచినవి, వినినవి, శంకించినవి యగు దోషములను దెలుపుమని యర్థించును. పరదేశియు నర్థింపవలసినవాఁడే, పరదేశియు నితరుల దోషములఁ జెప్పుట కధికారి. అతిథిదోషముల నెవ్వరును జెప్పరు. ఇంటివాని దోషములనే చెప్పుదురు. కావున నెదుటివానిచేఁ దన తప్పు చెప్పించుకొను హక్కు పట్టికలోఁ బేరెక్కుటకంటెను బెద్ద గుఱుతు. తరువాత సంఘమునఁ గానుకలు పంచుదురు: చూరకత్తులు, సూదులు, ఆరెలు మున్నగునవి. వీనిని గైకొనువాని బుద్ధి వీనివలె వాఁడియగుఁగాక యని వాని భావము. విద్యార్థుల పండుగకు నింతకంటెఁ దగిన కానుక యుండఁబోదు.

బోధగయయందు నీ యుత్సవము మఱియు విస్తృతము. వర్షావాసము ముగియఁగానే నలుదెసలనుండి జనులు చేరి, యేడు పగళ్లు నేడు రాత్రులు పూవులతో, ధూపములతో, వాద్యములతో వనమెల్లఁ దిరుగుచుఁ బూజింతురని హ్యూయన్‌త్సాంగు వ్రాసినాఁడు. అతఁడు మొదటిసారి బోధివృక్షముఁ జూచినదియు నిట్టి సమయముననే. భగవానుఁడు బోధి నందిననాఁడు తా నే జన్మమునఁ దిరుగుచుంటినో యని యతఁడు నేలఁబడి విలపించెను. వేలకొలఁది భిక్షువులు గూడియున్న యా సమయమునఁ జూచినవారెల్లఁ గన్నీరు విడిచిరని హుయిలీ తెలుపుచున్నాఁడు. పండుగకు వచ్చినవారి కతఁ డెవ్వఁడో తెలియదు, భాషయుఁ బరభాష. అయినను దుఃఖ మర్థమయ్యెను. ఆ తరువాత కొలఁది దినములకే నాలందవారు నలుగురు పెద్దల నంపి యతనిఁ బిలిపించుకొనిరి.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. ఇత్సింగు స్వదేశపు భిక్షువులను సంస్కరింపఁగోరి వ్రాసినవాఁడు. మూలసర్వాస్తివాద వినయమునం దభిమానము గలవాఁడు. కావున భారతదేశపు మంచినే యేఱి చూపెననవచ్చును. ఈ యాక్షేపమునఁ గొంత నిజము గలదు. అతని ప్రకరణములు తఱచుగాఁ జీనావారి పొరపాటును జూపియే ముగియుచున్నవి. అయినను నతఁడు చూచినది కల్పితమని చెప్పుటకు వలనుపడదు. పీట యెత్తు, అల్లపుముక్క, ఇత్తడి ప్రతిమలను నిటికపొడితోఁ దోముట మున్నగు వివరములు ధర్మబోధకు నక్కఱలేనివి. పంక్తిని గూర్చుండి, చెఱువున మునిఁగి, ప్రతిమను స్వహస్తములఁ దోమినవానికే తెలియునవి. అంతేకాక యతఁడే రెండవ గ్రంథమున నీ సహవాసము తీర్పలేని కొఱతను దాఁచక చెప్పినాఁడు.

ధాన్యకటకమున విద్యావినిమయము

ఆ కొఱతకు ముందుగా నాంధ్రదేశమున జరిగిన యొక సంఘటనముఁ జెప్పవలసియున్నది. హ్యూయన్‌త్సాంగు దక్షిణయాత్రలో 639, 640 ప్రాంతమున ధాన్యకటకముఁ జేరెను. పూర్వశైల, అపరశైల విహారములు నాఁటికే పాడువడియుండెను. అచ్చట సుభూతి, సూర్యుఁడు నను నిరువురు భిక్షువులు మహాసాంఘిక త్రిపిటకమునఁ బ్రవీణులు. అతఁడు వారియొద్దఁ గొన్ని నెలలు నిలిచి యా నికాయపు మూలాభిధర్మమును జదివెను. వారు నతనియొద్ద మహాయానశాస్త్రములఁ జదివిరి. పిదప మువ్వురును గలసి పుణ్యస్థలముల సేవింపఁ బయలుదేఱిరి. నాలందయందు హ్యూయన్‌త్సాంగు శిష్యుఁడు. ధాన్యకటకమున నతఁడు శిష్యుఁడును గురువును. ఇచ్చిపుచ్చుకొనునట్టి విద్యాసంబంధమునకు నింతకంటె స్పష్టమైన నిదర్శన మా కాలమున దొరకుట కష్టము. నాగార్జునాచార్యుఁడు శాతవాహనరాజునకుఁ బంపెనని ప్రతీతిగల సుహృల్లేఖను ఇత్సింగు చీనాభాషలోనికిఁ బరివర్తించుటయు నిచ్చట స్మరింపఁదగినది. భారతీయ విద్యార్థు లా లేఖను విద్యారంభముననే చదువుదురని యతఁడు వ్రాసినాఁడు. తెలుఁగునాటితో సంబంధము గల స్నేహలేఖ యొకటి యిట్లు పరదేశ విద్యార్థి చేతిమీఁదుగాఁ దూర్పుదేశములకుఁ జేరినది.

శూన్యాసనములు

ఎంత కలిసి భుజించినను, స్వదేశీయుని చూడవలెనను కోరిక చావదు. మహాయానప్రదీపుఁడను చీనాభిక్షువు హ్యూయన్‌త్సాంగు శిష్యుఁడు. తామ్రలిప్తియందుఁ బండ్రెండేండ్లు నిలిచినవాఁడు. ఇత్సింగునకు మొదట సంస్కృతము నేర్పినవారిలో నొకఁడు. ఇతఁడు చాఙ్గాన్ నగరమునఁ దనతో సహపాఠియైన తావ్‌హీ యనువాని నివాసమును భారతదేశమున వెదకికొనుచుఁ బోఁగా, అతఁ డంతకుముందే మరణించియుండెను. గదిలోఁ జీనాపుస్తకములును, సంస్కృతపు వ్రాఁతప్రతుల వరుసలును మాత్రముండెను. ఒకనాఁడు కలసి కూర్చున్నవాని యాసనము పరదేశమున శూన్యముగాఁ గనఁబడెనని యతఁడు కన్నీరు గార్చెను. ఆ తావ్‌హీ నాలందకు నన్నూఱు సంపుటములకుఁ బైఁబడిన చీనాగ్రంథముల నర్పించినవాఁడు. మహాయానప్రదీపుఁడును గుశీనగరమునఁ బరినిర్వాణ విహారముననే మరణించెను.

ఇత్సింగు నాలందయందుఁ జీనాపుస్తకములఁ బరిశీలించుచు నొకదాని చివరఁ జిన్న వ్రాఁతను జూచెను: బుద్ధుని దంతకాష్ఠవృక్షము క్రింద సిల్లాదేశపు భిక్షువు హ్యేయొపు దీనిని వ్రాసెనని. సిల్లా యన నేఁటి కొరియా. ఇత్సింగు విచారింపఁగా, అతఁ డరువదేండ్ల ప్రాయమున నీ విహారముననే మరణించెనని యచ్చటివారు చెప్పిరి. అదే దేశపు ఆర్యవర్మయు డెబ్బదేండ్లు దాఁటి నాలందయందే కాలధర్మము నొందెను. మరలిపోవఁ గోరియుఁ బోలేకపోయెను. వీరి పేరులు నివాసుల పట్టికలో నెక్కియుండవచ్చును. వీరును సామగ్రియందు నడచియుండవచ్చును. కాని వీరినిగూర్చి లోకమునకుఁ దెలిసినది తోడి పరదేశి యొకఁడు పుస్తకపు తుది పుట చూచుటవలననే.

ఇత్సింగును, వూహింగను చీనాభిక్షువును గలసి గృధ్రకూటము నెక్కి, స్వదేశమువంకఁ జూచి పద్యములల్లికొనిరి. ఇత్సింగు బయలుదేఱినపుడు వారిరువురు నాలందకుఁ దూర్పుగా నాఱు మజిలీలు కలసి నడచిరి. మరలఁ గలిసికొందమను నాశయు, కలిసికొనలేమను నెఱుకయు నొక్కమాఱే కలిగి, కన్నీటితో విడిపోయిరి. వారు మరలఁ గలిసికొనలేదు. పండుగలకుఁ బండితులెల్లఁ దోడుండిరి. ఈ యాఱు మజిలీలకు స్వదేశీయుఁడే తోడయ్యెను. ఇది నాలందకు లోపము కాదు, మానవస్వభావము.

వాదము తరువాతి చెలిమి

పరదేశీయుల సహవాస మెల్లప్పుడును సుఖముగా జరిగెననియుఁ దలంపరాదు. 643 ప్రాంతమున హర్షవర్ధనుఁడు కన్యాకుబ్జమున జరపిన మహోత్సవమునఁ బ్రతిదినమును బంగారుప్రతిమ యూరేగింపఁబడెను. హర్షుఁడు శక్రవేషమున ఛత్రమును, కామరూపరాజు బ్రహ్మవేషమున చామరమును బట్టిరి. ఆ యుత్సవముననే హ్యూయన్‌త్సాంగు మహాయానపక్షమును స్థాపింపఁగా, బోధగయ మహాబోధి విహారమునకుఁ జెందిన ప్రజ్ఞాదేవుఁడను హీనయాన పండితుఁ డతనిచే వాదమునఁ బరాజితుఁడయ్యెను. ప్రతిపక్షులలోఁ గొందఱు హ్యూయన్‌త్సాంగునకు హానిఁ దలపెట్టిరనియు, రాజు కఠినమైన యాజ్ఞ వెలువరింపవలసివచ్చెననియు హుయిలీ వ్రాసినాఁడు. పండుగ సభయే యుద్ధసభయు నయ్యెను.

అయినను గథ యచ్చట ముగియలేదు. హ్యూయన్‌త్సాంగు స్వదేశముఁ జేరిన యేడేండ్లకు, అనఁగా 652లో, మహాబోధి విహారమునుండి యొక దూత వచ్చెను. అతఁడు తెచ్చిన లేఖ యాఁ ప్రజ్ఞాదేవునిది. దానితో నొక జత తెల్లని వస్త్రములు గలవు. దారి దూరమగుటచే నింతకుమించి పంపలేకపోయితిమని యందుఁ దెలుపఁబడెను. 654లో హ్యూయన్‌త్సాంగు ప్రత్యుత్తరము వ్రాసెను. వాదమున మాటలు పరుషములగుట సహజమనియు, సభ ముగిసినతోడనే తన మనస్సున నేమియు మిగులలేదనియు, ప్రజ్ఞాదేవుఁడు దూతచే నింకను బశ్చాత్తాపము దెలుపుట యేల యనియు మృదువుగా మందలించెను. నాలందకుఁ జెందిన జ్ఞానప్రభునకు వ్రాసిన లేఖయందు గురువగు శీలభద్రుని మరణమునకు వగచి, సింధునదిని దాఁటునపుడు నీటఁబోయిన గ్రంథముల పట్టికను జేర్చి, వచ్చువా రెవ్వరైనఁ గలిగినచోఁ బంపుమని కోరెను.

ఇట్లు చూచినచో నాలందయందలి సహవాసమునకు మూఁడు గుఱుతులు తేలుచున్నవి. ఒకటి, స్థానము జన్మదేశమునుబట్టి కాక గడపిన వానకాలములనుబట్టి యేర్పడుట. రెండు, పండుగనాఁడు పరదేశి చూపరిగాఁ గాక, తప్పులు చెప్పుటకును జెప్పించుకొనుటకును హక్కుగలవాఁడుగా నుండుట. మూఁడు, విడిపోయిన పిదపను జెలిమి నిలుచుట. మొదటి రెండును నియమములచేఁ గలిగినవి. మూఁడవది మనుష్యులచేఁ గలిగినది. నాలంద మహావిహార మాఱువందల యేండ్లకుఁ బైగా వెలసి, పండ్రెండవ శతాబ్దాంతమునఁ బాడయ్యెను. నాగార్జునకొండ లోయ నాగార్జునసాగర జలాశయమున మునిఁగినది. నాలంద శిథిలములకు 2016లోఁ బ్రపంచ వారసత్వస్థల మను గౌరవము లభించినది. సమీపమున స్థాపింపఁబడిన క్రొత్త విశ్వవిద్యాలయమునఁ బాఠములు 2014లో నారంభమయినవి. అచ్చటికి మరలఁ బరదేశ విద్యార్థులు వచ్చుచున్నారు. వారికి గదులును గ్రంథాలయములును గట్టించుట రాజ్యములకు సాధ్యమే. కాని పండుగ సభలో నోడినవాఁడు తొమ్మిదేండ్లకు వేల మైళ్లు దాఁటించి పంపిన యా జత తెల్లవస్త్రములు మాత్రము నే శాసనముచేతను గలుగునవి కావు.